పాలు మానిన నలభై దినాలు

మా అత్త ప్రతి ఏడూ శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల్లో, ఏదో ఒకటి మానేస్తుంది. ఒక ఏడు మాంసం మానింది. ఒక ఏడు ఆకు, వక్క మానింది. ఆ నలభై రోజులూ ఊరికే దవడలు ఆడిస్తూ ఇంటిల్లిపాదినీ తిడుతూనే ఉంది. మరో ఏడు కోపం మానతానని మాట ఇచ్చి, మూడో రోజుకే అది తన వల్ల కాదని ఒప్పుకుని, దాని బదులు బెల్లం మానింది.

నేను చెప్పే ఏడు మాత్రం చర్చి నుంచి వచ్చి, గడపలో చెప్పులు విడుస్తూనే అంది:

"ఈసారి పాలు ఇడుస్తున్న. పాలు, పెరుగు, సల్ల, నెయ్యి, అన్నీ."

సల్ల అంటే మజ్జిగ. పొద్దున్నే జొన్న అంబలిలో ఇంత సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగితే గానీ ఆమెకు తెల్లవారినట్టు కాదు. మా ఆయన నవ్వాడు.

"అవ్వా, సల్ల లేకుంట నువ్వు బతుకుతవా?"

"అల్కగ, సులువుగ అయ్యేది ఇడిస్తె అది ఇడిసినట్టు గాదు బిడ్డా."

"ఏం మొక్కుకున్నవ్? కండ్ల కోసమా?"

"ఏం అడగలే. అడిగితె బేరం అయితది."

మా ఆయన కళ్ల మాట ఎత్తడానికి కారణం ఉంది. మా అత్తకు రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు, పడింది. ముందు మనుషుల ముఖాలు చెరిగిపోయాయి, తర్వాత బియ్యంలో రాళ్లు. ఆ చలికాలంలో పశువుల తొట్టికి మోకాలు కొట్టుకుని పడింది. లేపబోతే నా చెయ్యి విదిలించి, "మంచంల కూసోవెట్టి నోట్లె ముద్ద వెడ్తే తినేదాన్ని గాను నేను" అంది. కానీ ఆ రోజు నుంచి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు.

నారాయణఖేడ్‌లో కంటి శిబిరం పెడుతున్నారనీ, అక్కడ రాయించుకున్నవాళ్లను బస్సులో పట్నం దవాఖానకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించి మళ్లీ దింపుతారనీ తెలిసింది. పేరు రాయించాం. ఆమెకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. అది చెప్పాం. శిబిరం నాడు సూది గుచ్చి చూస్తామని, షుగర్ రెండు వందలు దాటితే కన్ను ముట్టమని అన్నారు. మేమేమీ పరేషాన్ కాలేదు. జనవరిలో ఊరి దవాఖానలో చూపిస్తే నూట తొంభై ఉంది. ఆ రోజు ఆమె అంబలిలో సల్ల పోసుకుని తాగి వచ్చింది. నాకు బాగా గుర్తు, దోవలో ఆటో కుదుపుకు గొంతులోకి వచ్చి చీర మీద కక్కుకుంది కూడా.

ఇంతలో ఈ పాల మొక్కు.

అంబలి ఉప్పు వేసుకుని తాగింది. అన్నంలో చింతపులుసు పోసుకుంది. చాయ దగ్గర మాత్రం గుటకలు మింగేది. నల్ల చాయ ఇస్తే ఒక గుక్క తాగి, "ఇది చాయ గాదు, చాయ తెల్లారి మొకం కడుక్కున్న నీళ్లు" అని పారబోసింది. ఆ ఆదివారం నా బిడ్డ పట్నం నుంచి వచ్చింది. అక్కడ ఒక మందుల దుకాణంలో పని చేస్తుంది. నాయనమ్మ బాధ ఫోన్లో విని రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి ఇంట్లోనే షుగర్ చూసుకునే చిన్న మిషిను, దానికి పెట్టే ముప్పై పట్టీలు. రెండోది ఆరు డబ్బాల ఓట్స్ పాలు.

"నాయనమ్మా, ఇవి బర్రెవి గావు, ఆవువి గావు. గింజల పాలు."

మా అత్త డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "గింజకు పొదుగు యాడుంటదే?"

"నానవెట్టి, రుబ్బి, వడగడ్తరు."

"అయితే ఇవి పాలు గాదని డబ్బ మీద రాసి ఉన్నదా?"

నా బిడ్డ చదివి, పశువుల పాలు ఇందులో లేవని రాసి ఉందని చెప్పింది. మా అత్త ఇంకొంచెం ఆలోచించింది. "మరి దేవుని ముంగట గిది సల్తదా?" అని నన్నడిగింది. నాకేం తెలుసు? నేను మూడో తరగతి చదివినదాన్ని. చెల్లుతుందని అన్నాను. ఆమె ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు.

చాయలో పోశాను. బాగుందంది. చక్కెర వెయ్యకుండానే కాస్త తియ్యగా ఉందంది. ఆ మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు సరికదా, గింజలవి గదా, ఒంటికి మంచివని అంబలిలో కూడా పెద్ద గ్లాసుతో పొయ్యడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున ఆమె వద్దన్నా నింపేదాన్ని.

వారం తిరగకముందే ఒక వింత కనిపించింది. మా ఇల్లు నాగల్‌గిద్ద రోడ్డు మీదనే. పొద్దున మొదటి బస్సు పోగానే మా అత్త అంబలి తాగుతుంది, మూడో బస్సు పోయేదాకా మళ్లీ ఏమీ అడగదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అలాంటిది రెండో బస్సు రాకముందే, "ఏమే, ఇంత రొట్టె ముక్క ఉన్నదా?" అని అడగసాగింది. పనిలో పడి ఆ మాటను కూడా వదిలేశాను.

శిబిరం రోజు నారాయణఖేడ్‌లో వరుసలో నిలబడ్డాం. వేలు గుచ్చారు. రెండు వందల డెబ్బై.

"అమ్మా, ఇప్పుడు చేయరాదు. పుండు మానది, చీము వడ్తది. మళ్ల మూడు వారాలకు శిబిరం ఉన్నది. షుగర్ తగ్గించుకొని రా" అని చిట్టీ వెనక్కి ఇచ్చేశారు. పక్కవాళ్లంతా బస్సెక్కుతుంటే మేమిద్దరం చెట్టు నీడలో నిలబడ్డాం. మా అత్త చిట్టీ మడిచి కొంగుకు ముడేసుకుంది.

చిట్టీలు రాసే నర్సమ్మ బయటికి వచ్చి, "ఏం తిన్నరు పొద్దుగాల?" అని అడిగింది. చెప్పాను. డబ్బా పాల సంగతీ చెప్పాను.

"తియ్యగున్నయా?"

"చక్కెర వెయ్యకుండనే తియ్యగున్నయి" అన్నాను.

"గదే మరి! ఓట్స్ అంటే జొన్నల లెక్క పిండి గింజ. దాన్ని కంపెనీల మందేసి నీళ్లల్ల కరగవెడ్తే ఆ పిండి కొంత చక్కెర అయితది. అంబలి ఒక పిండి, గది ఇంకో పిండి. పిండి మీద పిండి పోసినవ్. సల్లల్ల అయితే ప్రొటీన్ ఉంటది. కడుపుల నిలవడ్తది, షుగర్‌ను మెల్లగ ఎక్కనిస్తది."

"మరి గింజల పాలు అన్ని గట్లనేనా?" ఈ మాట అడిగింది మా అత్త. అప్పటిదాకా ఆమె వింటోందని నేననుకోలేదు.

"అన్ని ఒక్క తీరు గావమ్మా. బాదం పాలున్నయనుకో, పల్చటి నీళ్లు. షుగర్ పెంచయి గానీ ఆకలి ఆపయి. బలమున్న గింజ అయితే వేరే ముచ్చట. ఎందుకు గీ తక్లీబు, సల్ల తాగరాదు?"

"మొక్కున్నది" అంది మా అత్త.

తిరుగు ఆటోలో నేను ఏడ్చాను. నా చేతులతో నేనే పోశాను కదా! ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, "నోరు మూయి. డబ్బ మీద నువ్వు చదివినవా, నేను చదివిన్నా? ఇద్దరం గుడ్డోళ్లమే" అంది.

విషయం చర్చి దాకా పోయింది. పాస్టరయ్య స్వయంగా ఇంటికి వచ్చాడు.

"నీ కండ్లు పోవాలని దేవుడు కోరడమ్మా. సల్ల తాగు. నేను చెప్తున్న గదా."

"మీరు చెప్పింది మంచిదే అయ్యా. గానీ నేను మాట ఇచ్చింది మీకు గాదు."

ఆయన ఒక చాయ తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా ఆమె ఏం ఆలోచించిందో, పొద్దున పశువుల కొట్టం నుంచి వస్తూనే నన్ను పిలిచింది.

"బర్రెకు ఉత్త జొన్న చొప్ప వేస్తె పాలెట్లుంటయే?"

"పల్చగుంటయి."

"సోయ చెక్క వెడ్తే?"

"చిక్కగయితయి."

"మరి బర్రెకు బలమైంది మనిషికి గాదా?"

మా ప్రాంతంలో సోయా పండించని రైతు లేడు. కానీ తినేవాళ్లు లేరు. కోయడం, కల్లంలో కొట్టడం, మార్కెట్లో పోయడం, అంతే. నూనె తీసిన చెక్క మాత్రం బర్రెకు దాణాగా తిరిగి వస్తుంది. ఇంట్లో విత్తనానికని దాచిన సంచి ఒకటి ఉంది, ఇంకా మందు కలపలేదు. మా అత్త ఆ సంచి విప్పించింది.

మొదటి రోజు ఇద్దరం కలిసి చేసింది తప్పు పని. నానబెట్టి, రుబ్బి, వడగట్టి, పాలకు లాగా ఒక్క పొంగు రానిచ్చి దింపేశాం. పచ్చి వాసన. అయినా ఆమె గ్లాసుడు తాగింది. గంటకు వాంతులు. మా ఆయన పొలం నుంచి వచ్చి చూసి మండిపడ్డాడు.

"అవ్వా, దాణ తాగుతున్నవా? నీకు కొమ్ములు మొలిస్తె నేను యాడ కట్టేసుడు?"

"నీ పక్కనే కట్టెయ్. ఒక్క తొట్లె ఇద్దరం తింటం" అని మళ్లీ వాంతికి తొట్టి దగ్గరికి పరిగెత్తింది.

ఫోన్ చేస్తే నా బిడ్డ కనుక్కుని చెప్పింది, సోయా బాగా ఉడకాలట, పచ్చిగా ఉంటే కడుపుకు పడదట. మర్నాడు రాత్రంతా నానిన గింజలను నలిపి పొట్టు తీశాం. వేడి నీళ్లు పోసి రుబ్బాం. బట్టలో పిండి, అడుగంటకుండా కలుపుతూ అరగంట దాకా కాచాం, అల్లం దంచి వేశాం. వాసన పోయింది. రుచి మాత్రం పాలలాగా ఉందని చెబితే అబద్ధం. ఉడికిన శనగల కట్టులాగా ఉంది. ఆమె పెదవులు చప్పరించి, "తాగొచ్చు" అంది. ఆ నోటి నుంచి అది పెద్ద మెప్పు.

సల్ల కావాలంటే పెరుగు కావాలి, పెరుగు కావాలంటే తోడు కావాలి. తోడు బర్రెది. మొక్కు అడ్డం. అప్పుడు ఆమెకు వాళ్ల తల్లి చేసిన పని గుర్తొచ్చింది. ఇంట్లో తోడు లేనినాడు పచ్చిమిరపకాయల తొడిమలు గోరువెచ్చటి పాలల్లో వేసి రాత్రంతా మూసిపెట్టేదట. సోయా పాలల్లో వేశాం. మొదటిసారి నీళ్లూ గడ్డలూగా విరిగింది. రెండోసారి తోడుకుంది, కొంచెం వగరు. ఉప్పు, జీలకర్ర వేసి చిలికితే అంబలిలో కలిసిపోయింది.

ఇక అసలు పని. దీని వల్ల షుగర్ తగ్గుతుందో లేదో తెలియాలి. ఇక్కడే నేను మా అత్తను చూసి నోరు తెరిచాను. ముప్పై పట్టీలే ఉన్నాయి, వృథా చెయ్యరాదు. మిషిను మీద అంకెలు ఆమెకు కనపడవు. నేను చదివి చెబితే, పదికి ఒక కంది గింజ చొప్పున లెక్కపెట్టి గిన్నెలో వేసేది. కళ్లతో పనిలేదు, వేళ్లతో లెక్క. ఒక్కో తిండికి ఒక్కో గిన్నె, కిటికీలో వరుసగా. మొదటి గిన్నెలో నా గుర్తును బట్టి జనవరి నాటి పంతొమ్మిది గింజలు వేయించింది. అది బర్రె సల్లది.

"ఇగ ఇను. అంబలి అదే గంటెతోని, అదే బస్సుకు. మాత్ర అదే టైముకు. నడక గా వేపచెట్టు దాకనే. మార్చేది ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తె దొంగ ఎవడో తెల్వది."

మూడు రోజులు ఉత్త అంబలి. తిన్న రెండు గంటలకు చూస్తే ఇరవై నాలుగు, ఇరవై ఐదు గింజలు. మిగిలిన డబ్బా ఓట్స్ పాలు కూడా పారబోయనివ్వలేదు. "దొంగను పోలీసులకు అప్పజెప్పే ముంగట ఒక్కసారి అడగాలె" అని ఒక్క రోజు అది పోయించుకుంది. ఇరవై ఏడు. ఆ రోజు రెండో బస్సు హారన్ వినపడకముందే ఆకలి అంది. తర్వాత సోయా సల్ల. మొదటి రోజు ఇరవై ఒకటి. రెండో బస్సు పోయింది, ఆమె ఏమీ అడగలేదు. మూడో బస్సు వచ్చే వేళకు, "ఏం వండుతున్నవే?" అంది. నేను ఆ రోజు గిన్నెలోని గింజలు మళ్లీ లెక్కపెట్టాను, నాకు నమ్మకం కలగక.

కానీ ఇరవై ఒకటి ఇరవై కాదు. శిబిరం ఇంకా ఎనిమిది రోజులు. రెండు మూడు రోజులు అక్కడక్కడే ఆడింది. ఇరవై, ఇరవై ఒకటి, మళ్లీ ఇరవై.

ఒక పొద్దున నాకు బుద్ధి వంకరపోయింది. ఆమెకు కనపడదు కదా అనుకున్నాను. సోయా సల్ల గిన్నెలో చాటుగా ఒక గరిటె బర్రె సల్ల కలపబోయాను. రెండూ తెల్లనివే. పాపం నాది, కన్ను ఆమెది. గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది, వాకిట్లో కూర్చున్న ఆమె ముక్కు ఎగబీల్చింది.

"బర్రె కుండ మూత తీసినవా?"

"మీ కొడుకుకు పోద్దామని."

"వాడు పొలంకు పోయి గంట అయింది."

నేను గరిటె తిరిగి కుండలో వంపాను. ఇప్పటిదాకా కూడా ఆమె ఆ సంగతి ఎత్తలేదు. కొంచెంసేపయ్యాక మాత్రం అంది: "సల్ల గాదు తప్పు. అంబలి ఎక్కువైతున్నది. గంటెన్నర పోస్తున్నవ్, గంటె పొయ్యి. ఆ సగం జాగల సోయ సల్ల పొయ్యి. ఆకలైతే నేనే చెప్త."

ఆకలి కాలేదు. పంతొమ్మిది గింజలు. మర్నాడు పద్దెనిమిది. నర్సమ్మ చెప్పిన మాటను ఆమె తన గంటె మీద తూకం వేసి పట్టుకుంది: పిండి తగ్గాలి, బలం పెరగాలి. ఊరి దవాఖాన డాక్టరుకు కూడా చూపించాం. మాత్రలు అలాగే వేసుకోమని, తిండి ఇలాగే తినమని చెప్పాడు. అందరి ఒంట్లోనూ ఇలాగే అవుతుందని నేననను. మా ఇంట్లో ఇలా అయింది.

రెండో శిబిరం ఈస్టర్‌కు వారం ముందు. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఈసారి విదిలించలేదు. వరుసలో మా ముందు ఒకాయనను వెనక్కి పంపారు. ఆయన చిట్టీ మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను, ఆమెకు చెప్పలేదు. మా వంతు వచ్చింది. అదే నర్సమ్మ. వేలు గుచ్చి, పట్టీ పెట్టి, మిషిను వైపు చూసింది. మా అత్త ఆమె ముఖం వైపు చెవి తిప్పి కూర్చుంది.

"నూట డెబ్బై ఆరు."

"పదిహేడు గింజలు, కొంచెం" అంది మా అత్త.

"ఏం గింజలు?"

జరిగిందంతా చెప్పాం. నర్సమ్మ కలం పక్కన పెట్టి విని, "నేను నోటితోని చెప్పి ఊకున్న, నువ్వు చేసి చూపిచ్చినవమ్మా" అని, చిట్టీ మీద రాసి బస్సు వైపు చెయ్యి చూపించింది.

పట్నం దవాఖానలో కుడి కన్నుకు ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పి డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు, ఆమె సరిగానే చెప్పింది. పెద్ద నల్ల కళ్లద్దాలు పెట్టి పంపారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటానని పట్టుబట్టింది. ఎండ పడరాదు, పరదా వేసుకో అంటే వినలేదు.

జోగిపేట దాటాక మొదలుపెట్టింది.

"గా చెరుకు ఇంకా కొట్టలేదేందే? ఎండిపోతున్నది గదా."

నేను చూశాను. నిజమే.

"గీ మామిడి చెట్లకు ఒక దిక్కే కాత ఉన్నది. మందు ఒక దిక్కే కొట్టిండు, బద్ధకపోడు. గా బాయి కాడ మోటరు కొత్తది వెట్టిండ్రు. గా ఇంటి ముంగట బట్టలు ఆరేసిన పిల్లకు నడుం నొప్పి ఉన్నది, చూడు ఎట్ల వంగుతున్నదో."

ముందు సీటులో కూర్చున్న పెద్దమనిషి, ఆయన కంటికీ కట్టు ఉంది, వెనక్కి తిరిగి నవ్వాడు. "ఏమమ్మా, ఒక్క కన్నుకే గింతనా?"

"ఒక్కటే చేసిండ్రు మరి. రెండోది కూడ అయిందనుకో, మా కోడలు ఇంట్లె ఏదీ దాచిపెట్టరాదు."

బస్సులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ గరిటె గుర్తొచ్చి ముఖం కిటికీ వైపు తిప్పుకోబోయాను. కిటికీ నిండా ఆమే ఉంది, అద్దానికి ముక్కు ఆనించి, ఎవరి పొలంలోనో పారుతున్న నీళ్లను చూస్తూ.